గబ్బిలం చెవులవాడు

“వాడి చెవులు చూడత్తా, అచ్చం గబ్బిలం చెవులే!”

పసివాణ్ణి ఎత్తుకోబోతున్న వసీతి చేతులు గాలిలోనే ఆగిపోయాయి. టీలో నిమ్మాకులు వేస్తున్న సెరెయానా చెయ్యి కూడా ఆగింది.

“తమ్ముణ్ణి అలా అంటారటే లితియా?” అంది వసీతి నవ్వుతూ.

“ఎత్తుకున్నావంటే ఒళ్ళంతా తడిపేస్తాడు. వద్దత్తా, ఆ చాప మీదే పడి ఉండనీ.”

ఆరేళ్ళ కూతురి నోట ఆ మాటలు విని సెరెయానా నివ్వెరపోయింది. పసివాడు తొమాసి పుట్టి మూణ్ణెల్లు నిండలేదు. అప్పుడే ఇంత ద్వేషమా?

వసీతి ఆమె ఆడపడుచు. మేనల్లుణ్ణి చూద్దామని సువా పట్నం నుంచి పడవెక్కి ఈ దీవికి వచ్చింది. వచ్చినప్పటి నుంచీ ఇంట్లో ఒకటే సందడి. కాలు పెడుతూనే వాకిట్లో చుక్కల కోడిపెట్టను చూసి, “దీని నడక చూడు, పెళ్ళికూతురిలా!” అని మురిసిపోయింది. అది లితియా చేత్తో కొబ్బరి తినిపించి పెంచిన కోడి. సెరెయానా మారుమాట లేకుండా దాని కాళ్ళకు తాడు కట్టి ఆడపడుచు చేతిలో పెట్టింది. ఆమె గొడుగు మీది పూలు భలే ఉన్నాయని తాను అన్న పాపానికి, ఆ గొడుగు ఇప్పుడు ఈ ఇంటి గోడకు వేలాడుతోంది.

సెరెయానా మొగుడు ఇనోకే సంగతి మరీ నవ్వులాట. చర్చికని కుట్టించుకున్న కొత్త చొక్కా తొడిగాడో లేదో, “ఈ రంగు మీ బావకైతే ఎంత బాగుంటుందో!” అంది అక్క. అక్కడికక్కడే విప్పి ఇచ్చేశాడు.

“ఒక్క పూటన్నా తొడగలేదు కదయ్యా!” అంది సెరెయానా.

“అక్క కన్ను పడ్డాక ఇంకా నాదెట్లా అవుతుందే?”

అందరూ పడీపడీ నవ్వారు. లితియా ఒక్కతే నవ్వలేదు. వెళ్ళి తమ్ముడి దోమతెర దగ్గర కూర్చుంది.

మర్నాడు పాస్టరమ్మ వచ్చింది. తెర తీసి, “ఏం తండ్రీ, ఎంత చక్కగా ఉన్నావు...” అంటుండగానే తొమాసి కెవ్వుమన్నాడు. తెర కిందనుంచి లితియా చెయ్యి చటుక్కున వెనక్కి పోవడం సెరెయానా కంటబడింది. వాడి తొడ మీద ఎర్రగా గిల్లిన గుర్తు.

“చూశారా? వాడెప్పుడూ ఇంతే. వట్టి ఏడుపుగొట్టు,” అంది లితియా.

ఎవరూ లేనప్పుడు మాత్రం అదే పిల్ల వాడి అరికాళ్ళకు ముక్కు రాసి నవ్వించేది, చెవిలో పాటలు పాడేది. తలుపు చాటునుంచి అది చూసి సెరెయానా ఇంకా బెదిరిపోయింది. ఇంత పిల్లకు రెండు ముఖాలా?

వల బాగుచేస్తున్న మొగుడి పక్కన కూర్చుంది.

“దానికి వాడంటే కడుపుమంట. రేపు నేను చేపలకు వెళ్తే వాణ్ణి ఎవరి మీద వదిలిపెట్టను?”

“చిన్నపిల్ల. నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది.”

“ఈలోపు ఏదన్నా అయితే? వీడికి నడక వచ్చేదాకా దాన్ని వదినతో సువా పంపేద్దాం.”

ఇనోకే చేతిలో ముడి జారిపోయింది. దాన్ని మళ్ళీ బిగిస్తూ, “నీ ఇష్టం,” అన్నాడు.

పడవ వచ్చే రోజు కోడి బుట్ట పక్కన లితియా చిన్న సంచి కూడా చేరింది. ఏడుస్తుందేమోనని సెరెయానా భయపడింది. ఆ పిల్ల ఒక్కటే అడిగింది.

“తమ్ముడు రావడం లేదుగా?”

“లేదు. నువ్వొక్కదానివే.”

“హమ్మయ్య!”

సెరెయానా సంచి మూతి బిగించి దాని చేతికిచ్చింది. తన అనుమానమే నిజమన్నమాట.

ఒడ్డున పడవ కూత వేసింది. వసీతి చివరిసారిగా పసివాడి మీదికి వంగింది. వాడు బోసినోటితో నవ్వాడు. “ఓరి నా బంగారూ! ఈ నవ్వు చూస్తే వదిలి వెళ్ళబుద్ధి కావడం లేదే సెరెయానా...”

లితియా సంచి విసిరికొట్టి ఇద్దరి మధ్యకూ దూరింది. “వాడికి గజ్జి ఉందత్తా! ముట్టుకోకు!”

సెరెయానా ఇక ఆగలేకపోయింది. కూతురి జబ్బ పట్టుకుని ఇటు తిప్పింది.

“చాలు ఆపు! అత్త వాణ్ణి మెచ్చుకుంటే నీకెందుకే అంత మంట?”

 బుట్టలోంచి తల బయటపెట్టి చూస్తున్న కోడిపెట్ట వైపు లితియా ఒకసారి చూసింది. తమ్ముణ్ణి రెండు చేతులా వాటేసుకుంది.

“మెచ్చుకుంటే ఇచ్చేస్తావుగా అమ్మా!”