కోటు మడత

“ఇప్పుడేమంటోంది హైమా, ఆ పిల్ల?” అంది సుభద్రమ్మ, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

కోడలు లైబ్రరీ నుంచి క్యాసెట్ తెచ్చి వీసీఆర్‌లో పెట్టిన పాత జపాను సినిమా అది. అమెరికాలో, అరోరా ఊళ్లో ఉన్న కొడుకింటికి వచ్చాక సుభద్రమ్మ ఈ సినిమాలు మరిగింది. అందులో మనుషులు గడప దగ్గర చెప్పులు విడుస్తారు, నేల మీద కూర్చుని తింటారు. బొమ్మ కింద పడే ఇంగ్లీషు అక్షరాలే ఆమెకు రావు. హైమ వాటిని చదివి తెలుగులో చెబుతుంది.

తెర మీద మొగుడు ఇంటికొచ్చి కోటు విప్పి ఇచ్చాడు. భార్య మోకాళ్ల మీద కూర్చుని దాన్ని మడతపెడుతోంది.

“ఎనిమిదేళ్లుగా మడతపెడుతున్నాను, ఒక్కసారైనా నా మొహంలోకి చూడలేదు అంటోందండీ,” అంది హైమ. “అత్తయ్య ఊరెళ్లగానే నేనూ వెళ్లిపోతాను అంటోంది.”

తెర మీద ఆ భార్య పెదవులు కదల్లేదు. కింద అక్షరాలూ లేవు.

సుభద్రమ్మ తిరుగు ప్రయాణం వచ్చే శుక్రవారం. పక్క గదిలో కొడుకు ఫోన్‌లో ఆఫీసు సంగతులు మాట్లాడుతున్నాడు.

సుభద్రమ్మ కోడలి వైపు తిరిగింది. “ఆ సంగతి అత్తగారికి తెలుసా?”

“తెలీదండీ. బాధపడుతుందని చెప్పలేదు.”

టీవీలో మళ్లీ అక్షరాలు వచ్చాయి. హైమ చదవలేదు, సుభద్రమ్మ అడగలేదు. కోడలి చేయి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

“ఆ అత్తగారు ఆపదులే,” అంది. “ఆవిడా నలభై ఏళ్లు మడతపెట్టింది.”