వంటవేళ అరిచే పెట్టె

"గాలిలో రాతినార ఉంది. అందరూ బయటికి వెళ్లండి," అని గోడమీది దుమ్ము పసిగట్టే పెట్టె మళ్లీ మొదలెట్టింది. పొయ్యి దానంతటదే ఆరిపోయింది, తలుపులు తెరుచుకున్నాయి. పాత సిమెంటు రేకుల్లోని రాతినార, అదే ఆస్బెస్టాస్, ఊపిరితిత్తుల్ని తినేస్తుందని ఆ రేకుల ఇళ్లన్నిటికీ సర్కారువాళ్లు తగిలించిన పెట్టె అది. అన్నం సగం ఉడికిందా, కూర చెడిందా దానికి పట్టదు.

"రేకులు పీకించి ఏడాదైంది. ఇంకెక్కడ ఏడ్చిందే నీ రాతినార?" అంది కోటిరత్నం.

రేకుల ఫ్యాక్టరీలో పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మొగుడు పెద్దిరాజు కోసమే ఆవిడ పట్టుబట్టి కప్పు మార్పించింది.

"బయట కూర్చుందాం రత్నం," అన్నాడాయన మంచం మీంచి దగ్గుతూ.

"రోజూ దీని మాట వింటే తిన్నట్టే."

మధ్యాహ్నం పెట్టె బాగుచేసే అమ్మాయి వచ్చింది. "ఎప్పుడు అరుస్తోంది పిన్నిగారూ?"

"వంటకి కూర్చుంటే చాలమ్మా, దీనికి పూనకం వస్తుంది. నువ్వే చూడు."

కోటిరత్నం కత్తిపీట వాల్చుకుని, గూట్లోంచి అరచేయంత ముక్క తీసి పదునుకి గరగరా రుద్దింది. పెట్టె గోల పెట్టింది. అమ్మాయి గబుక్కున ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఇది మీ పాత రేకు ముక్కే కదండీ?"

"ఒక్కటే దాచుకున్నాను. దీంతో వచ్చే పదును రాయితో రాదు."

"ఈ పొడేనండీ రాతినార. రోజూ ఇక్కడే నూరతారా?"

కోటిరత్నం మంచం వైపు చూసింది.

"ఆయన పక్కనే కూర్చుని నూరతానమ్మా. కాస్త తోడుగా ఉంటుందని."