పదిహేనో రాయి

“ఏడు తెల్లవి, ఏడు నల్లవి,” అన్నాడు రాళ్ళాయన, మూడోసారి లెక్కపెట్టి.

ఆ రోజు సభలో మందులావిడ అనే మాంత్రికురాలి మీద విచారణ. గుమ్మటం కింద అటు ఏడుగురు, ఇటు ఏడుగురు మాంత్రికులు. అటువాళ్ళు పైగదుల వర్గం, ఇటువాళ్ళు నేలమాళిగల వర్గం. ఎండ ఎక్కువగా ఉందని ఒకరంటే, లేదనడానికి రెండోవాళ్ళు సిద్ధం. మధ్యలో బల్ల మీద గులకరాళ్ళు. వాటిని లెక్కపెట్టడానికి మంత్రం రాని మనిషే ఉండాలని నియమం. మాంత్రికుడి చేతికిస్తే తెల్లరాయి నల్లబడడానికి రెప్పపాటు చాలు.

“సమానమైతే లెక్కపెట్టేవాడి రాయే తీర్పు. మధ్యాహ్నం గంట కొట్టేలోపు వెయ్యి,” అన్నాడు పైగదుల పెద్ద గడ్డం దువ్వుకుంటూ.

రాళ్ళాయనకి ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇలా ఎప్పుడూ రాలేదు. తెల్లరాయి వేస్తే మందులావిడ బయటపడుతుంది. నల్లరాయి వేస్తే ఆవిడ చెవిలో మరుపునూనె పోస్తారు. ప్రాణం పోదు కానీ పేరు, అయినవాళ్ళు, నేర్చుకున్న మంత్రాలు అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి.

ఆవిడ నేరం చిన్నదేమీ కాదు. ఎప్పుడో మరుపునూనె పోయించుకున్న ఒక మనిషికి గుట్టుగా మందిచ్చి, గతం గుర్తు తెప్పించబోయింది. ఆ మనిషెవరో చెప్పడానికి సభలో ఎవరూ నోరు విప్పరు. తన సంగతి ఇంకొకరి నోట వింటే అలాంటివాడి ప్రాణం అక్కడికక్కడే పోతుందట. అందుకే పేరెత్తడం కూడా నిషేధం.

రాళ్ళాయనకి ఆవిడంటే గౌరవం. తోటమాలి దగ్గుకీ, వంటావిడ మోకాళ్ళకీ, తన తలనొప్పికీ మందు ఆవిడ చేతిదే. పైగా అంత చదువుకున్న మాంత్రికురాలు తనలాంటివాణ్ణి పట్టుకుని ‘మీరు’ అంటుంది. ‘నువ్వు అనండమ్మా’ అని ఎంత బతిమాలినా వినేది కాదు.

వసారాలో నేలమాళిగల పెద్ద, ఒక పొట్టి మనిషి, వచ్చి అతని మోచెయ్యి పట్టుకున్నాడు.

“తెల్లరాయి వెయ్యవయ్యా. నీకు మేలు జరుగుతుంది.”

“నాకా? ఏం మేలండీ?”

“ఇప్పుడు చెప్పకూడదు. నువ్వు కల్లో కూడా అనుకోనంత మేలు.”

రాళ్ళాయన చెయ్యి విదిలించుకున్నాడు. “లంచమా అయ్యగారూ? నన్ను చూస్తే అలా కనిపిస్తున్నానా?”

పొట్టాయన ఏదో అనబోయి, పెదవి కొరుక్కుని వెళ్ళిపోయాడు.

పైగదుల పెద్ద మాత్రం ఏమీ ఇస్తాననలేదు. పాలరాతి గోడ దగ్గరికి తీసుకెళ్ళి, దాని మీద చెక్కిన పేర్లు చూపించాడు.

“గ్రంథాలయం తగలబడినప్పుడు పోయినవాళ్ళు. నలభై మంది. నువ్వు పనిలో చేరకముందు సంగతిలే. నిప్పు పెట్టినవాడికే నూనె పోశాం. ఇప్పుడు వాడికి గుర్తొచ్చిందనుకో, పాత పగలు ఊరుకుంటాయా? సరే, నీ మనసుకి ఏది తోస్తే అది చెయ్యి.”

ఒక పేరు పక్కన ‘వయసు ఆరు’ అని ఉంది. రాళ్ళాయన ఆ అక్షరాల్ని వేలితో తడిమాడు.

అతను తిన్నగా మందులావిడని ఉంచిన గదికి వెళ్ళాడు. ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. అతన్ని చూడగానే లేచి నిలబడింది.

“కూర్చోండమ్మా. ఎవరి కోసం తెచ్చుకున్నారు ఇంత ముప్పు?”

“మా ఆయన కోసం.”

“ఆ నిప్పు పెట్టినాయనా?”

“పెట్టలేదు. ఆ రోజంతా నా పక్కనే ఉన్నారు.”

“మరి అప్పుడే చెప్పలేకపోయారా?”

“చెప్పాను. పెళ్ళాం సాక్ష్యం చెల్లదన్నారు. ఒక మనిషిని పడగొడితే ఒక వర్గం పడిపోతుందని తెలిశాక, సాక్ష్యం ఎవరిక్కావాలి?”

“ఎవరమ్మా ఆయన? మన తోటమాలా?”

ఆవిడ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. “చెబితే చచ్చిపోతారు. ఇంకొక్క నెల మందు పడితే తనంతట తనకే గుర్తొచ్చేది.”

“నేనేం చెయ్యను చెప్పండి?”

“మీకు న్యాయం అనిపించిందే చెయ్యండి. నాకేం కోపం లేదు.”

ఆవిడ ఆ మాట అనేకంటే తిట్టినా బాగుండేది. తిరిగి సభకి నడుస్తూ లోలోపలే కొట్టుకున్నాడు. మొగుడు మంచివాడనే ఏ పెళ్ళామైనా అంటుంది. తప్పు చెయ్యనివాడైతే ఆ పొట్టాయన తనకి లంచం ఆశ ఎందుకు చూపిస్తాడు? ఆరేళ్ళ బిడ్డ ఉసురు ఎవరు మొయ్యాలి?

గంట కొట్టారు. రాళ్ళాయన కళ్ళు మూసుకుని నల్లరాయి వేశాడు.

అక్కడే, అందరి ముందే, ఆవిడ చెవిలో నూనె పోశారు. ఎంతోసేపు పట్టలేదు. ఆవిడ లేచి చీకట్లోంచి వచ్చినట్టు కళ్ళు చిట్లించి అటూ ఇటూ చూసి, ఎదురుగా ఉన్న రాళ్ళాయనకి నమస్కారం పెట్టింది.

“బయటికి ఎటు వెళ్ళాలి బాబూ?”

అతను చెయ్యెత్తి తలుపు చూపించాడు. ఆవిడ ఒక్కో అడుగూ వేస్తూ అటు నడుస్తుంటే అతనికి ఏడుపు ఆగలేదు. ఆ మొగుడెవడో గానీ, ఈ ఘోరం కళ్ళారా చూడకుండా తప్పించుకున్నాడు అనుకున్నాడు.

రాళ్ళు సంచిలో వేసుకుని తలెత్తేసరికి, పద్నాలుగు మందీ వర్గం తేడా లేకుండా తలలు దించుకుని ఉన్నారు.

ఆ మొగుడు అతనేనని తెలియనివాళ్ళు ఆ గుమ్మటం కింద ఇప్పుడు ఇద్దరు.