నాలుగో గదిలో జ్వరం

"పొద్దున్నుంచి ఎన్నిసార్లు మూత్రానికి వెళ్ళావు తల్లీ?"

లాడ్జి వసారాలో, అందరి ముందూ, ముక్కూ మొహం తెలియని ముసలావిడ అడిగిన ప్రశ్న అది.

పక్కన టీ తాగుతున్న ఇద్దరు కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు.

యులినార్‌కి ఒళ్ళు మండింది. అసలే జ్వరంతో మండుతున్న ఒళ్ళు.

సుమత్రా నుంచి వీపున సంచీ తగిలించుకుని ఒంటరిగా బయల్దేరిన పిల్ల. జావా అంతా చుట్టి బాలి దాకా పోవాలని రెండేళ్ళుగా కలలు కంది. "ఒక్కదానివే ఎలా తిరుగుతావే?" అన్న మేనమామలందరికీ "నా సంగతి నేను చూసుకోగలను" అని చెప్పి మరీ వచ్చింది.

జావా నడుమ జోగ్జా ఊళ్ళో రైలు దిగిన రోజే వాన, ఆ మర్నాడే చలిజ్వరం.

"మీకెందుకండీ బు?" అంది చిరాగ్గా. అక్కడ పెద్దవాళ్ళలో ఆడవాళ్ళని 'బు' అనీ, మగవాళ్ళని 'పాక్' అనీ పిలవడం మర్యాద.

"ఎర్ర జాంపండు రసం తెచ్చాను, తాగు. ఏదీ, చేతులిలా చూపించు. మచ్చలేమైనా వచ్చాయా?"

లాడ్జి యజమాని సుగెంగ్ లెక్కల పుస్తకంలోంచి తలెత్తాడు.

"బు ముర్యాతీ, ఆ పిల్లని వదిలెయ్యండి. గాలి పట్టిందంతే. వీపు మీద నాణెంతో నాలుగు గీతలు గీకితే అదే దిగిపోతుంది."

"గాలి కాదు పాక్ సుగెంగ్. దోమ."

ముర్యాతి లాడ్జిలో పనిమనిషి అనుకుంది యులినార్. ఎప్పుడు చూసినా చేతిలో చీపురు. పూలకుండీల కింద పళ్ళేల్లో నిలిచిన నీళ్ళు పారబోస్తూ ఉంటుంది. తలుపు తట్టకుండా గదిలోకి వస్తుంది. జావ తెస్తుంది. తాగేదాకా కదలదు.

మూడో రోజుకి ఎముకలన్నీ ఎవరో విరిచి మళ్ళీ అతికించినట్టు నొప్పులు.

యులినార్ గోడ పట్టుకుంటూ సందు మొగలో కొట్టుకి వెళ్ళి, నొప్పి బిళ్ళలు కొని తెచ్చుకుంది. మంచం మీద పెట్టి, మొహం కడుక్కోవడానికి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి బిళ్ళలు లేవు.

"నేనే తీశాను" అంది ముర్యాతి, గుమ్మంలో నిలబడి. దాచే ప్రయత్నం కూడా చెయ్యలేదు. "ఈ జ్వరానికి అవి పడవు తల్లీ. మింగితే రక్తం కారి ఆగదు."

"చెప్పకుండా నా గదిలోకి రావడానికి మీరెవరు? డాక్టరా?"

"కాదు."

"మరి నర్సా?"

"కాదమ్మా."

"మరెవరు?"

ముర్యాతి తలదించుకుంది.

యులినార్ అరుపులకి సుగెంగ్ పరుగెత్తుకొచ్చాడు.

"ఇవాళ బిళ్ళలు తీసింది, రేపు నా సంచీ తీస్తుంది. ఈవిడుంటే నేనుండను. మీ లాడ్జిలో దొంగలున్నారని ఊరూ వాడా తెలిసేలా ఫోన్‌లో రాసిపడేస్తాను!"

సుగెంగ్ మొహం పాలిపోయింది. వచ్చేపోయేవాళ్ళ మంచి మాట మీద బతికే లాడ్జి అది.

"బు, ఏమీ అనుకోకండి... మీరు వెళ్ళిపోండి" అన్నాడు, ఆవిడ కళ్ళలోకి చూడకుండా.

ముర్యాతి రెండు జతల బట్టలు మూటకట్టుకుని వచ్చి, యులినార్ ఉన్న నాలుగో గది ముందు ఆగింది.

"జ్వరం తగ్గిందని లేచి తిరగకు తల్లీ. తగ్గిన రోజే గండం."

"శాపాలు కూడానా!" అని తలుపు ధడాలున వేసుకుంది యులినార్.

మర్నాడు పొద్దున్నే ఒళ్ళు చల్లబడింది. నొప్పులూ తగ్గాయి.

'చూశావా, ముసలమ్మా' అనుకుంది. తర్వాత చూడాల్సిన మలాంగ్ ఊరికి రైలు పదింటికి. సంచీ సర్దుకుని వీపుకి తగిలించుకుంది. బూట్ల తాళ్ళు కట్టుకోవడానికి వంగింది.

కడుపులో ఎవరో చెయ్యిపెట్టి మెలితిప్పినట్టయింది.

చేతులు మంచుగడ్డలయ్యాయి. నోట్లో ఉప్పగా తగిలితే తుడుచుకుంది. వేలికి నెత్తురు.

పిలుద్దామంటే గొంతు రాలేదు. సంచీ బరువుకి వెనక్కి పడిపోయింది.

అప్పుడే ఎవరో దబదబా తలుపు బాదారు.

"నాలుగో గది ఇదేనా? క్లినిక్ నుంచి వచ్చాం!"

రెండు రోజుల తర్వాత సరిగ్గా కళ్ళు తెరిచింది. చేతికి సెలైన్. ఎదురుగా డాక్టర్ హెస్తి.

"నీకు వచ్చింది డెంగీ. నొప్పి బిళ్ళలేమైనా మింగావా?"

"లేదు... ఒకావిడ ఎత్తుకుపోయింది."

"అందుకే బతికావు. మింగి ఉంటే నీతో కాదు, మీ అమ్మతో మాట్లాడుతూ ఉండేదాన్ని."

యులినార్ పెదాలు తడుపుకుంది.

"నా గది మీకెలా తెలిసింది?"

"ముర్యాతిగారు చెప్పారు. ఆ రోజు మేం తలుపులు తెరిచేసరికే మెట్ల మీద కూర్చుని ఉన్నారు, వానలో తడిసి ముద్దయి. 'ఆ పిల్ల నా మాట వినదు, ఇవాళ జ్వరం దిగుతుంది, మనిషిని పంపండి' అని ఒకటే ప్రాధేయపడ్డారు."

"ఆవిడకి మళ్ళీ పని ఇప్పించాలి డాక్టర్. నేనే తీయించేశాను... నేను వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను."

"పనా? ఆవిడ పనిమనిషి కాదమ్మా. ఏటా వానాకాలం మొదలవగానే వచ్చి, ఆ లాడ్జిలో గది తీసుకుని ఉంటారు."

"ఇప్పుడెక్కడున్నారు?"

"నువ్వు గండం గట్టెక్కావని తెలిశాక బస్సెక్కేశారు. ఇక ఈ ఊరు రానన్నారు. 'ముసలిదాన్ని, నా మాట ఎవరు వింటారు' అన్నారు."

"ఏ ఊరు ఆవిడది?"

"కొండల్లో ఏదో పల్లె. పేరు ఎప్పుడూ చెప్పలేదు."

యులినార్ దిండులో మొహం దాచుకుంది. డాక్టర్ సెలైన్ సర్ది, మంచం అంచున కూర్చుంది.

"ఆరేళ్ళలో పన్నెండు మందిని తెచ్చారు ఇక్కడికి. అందరూ నీలాగే, వీపున సంచీలతో ఊళ్ళు తిరిగే పిల్లలే."

"ఎందుకు డాక్టర్? మేం ఆవిడకేమవుతాం?"



"మొదట తెచ్చింది వాళ్ళబ్బాయిని, ఆ ఒక్కణ్ణే ఆలస్యంగా తెచ్చారు."