ముసలి దళం

పోయినవారి ఆటతీరు నేర్చుకున్న కంప్యూటర్ నీడలు వారి ఆటలను కొనసాగించడం ఇప్పుడు ఇంటింటా మామూలే. నా భార్య వకుళ నీడ కూడా సాయంత్రాలు తెర మీద నెపోలియన్ తరఫున యుద్ధం ఆడుతుంది. నేను బడి నుంచి వచ్చి, పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటాను. నీడ ఆట రోజురోజుకీ మెరుగవుతోంది.

ఈరోజు అది చక్రవర్తి వెనక ఉండే ముసలి సైనికుల దళాన్ని ముందుకు జరిపింది. వకుళ ఉన్నప్పటి నుంచీ ఎదురుపక్షాన ఆడుతున్న భీమిలి సన్యాసిరావుగారు ఫోన్ చేశారు.

"మేష్టారూ, నా పనైపోయింది. ఇన్నాళ్ళకి అమ్మగారు నన్ను ఓడించేస్తన్నారు."

"ఆ ముసలాళ్ళని ఆవిడ ఎప్పుడూ కదిపేది కాదండీ. 'ఇంటికెళ్ళాల్సినవాళ్ళు, పాపం' అనేది."

"అందుకే కదండీ ఎప్పుడూ ఓడిపోయీవారు."

"అవునండీ" అన్నాను.

నీడను శాశ్వతంగా ఆపేశాను. ఆమె కుర్చీలోకి మారి, ముసలి దళాన్ని వెనక్కి జరిపాను.

"ఇక మీరు ఆడండి, సన్యాసిరావుగారూ."