కొంగ గుర్తు వ్యాగను

“నెమ్మది మామా, వ్యాగనుకి గడ్డం గీస్తున్నావా ఏంటి?” అన్నాడు మేస్త్రీ.

మామ చేతిలో గీకే రేకు ఆగలేదు. యార్డు మొత్తానికి ఆయన గీకుడు మామే. పాత గూడ్సు వ్యాగన్ల మీద రంగు గీకి, అది ముందు ఎవరి సొత్తో చెప్పడం ఆయన పని. వ్యాగను కొన్న ప్రతి కంపెనీవాడూ పాత రంగు తియ్యకుండానే పైన తన రంగు పూసి, తన గుర్తు కొట్టేస్తాడు. అందులో బతికున్న కంపెనీ ఒక్కటి దొరికినా చాలు, బండి వాళ్ళకి అంటగట్టేస్తారు.

పొద్దున్నుంచీ గీకుతున్నాడు. భుజం లాగేస్తోంది. కళ్ళ నిండా రంగు పొడి.

“పైన పసుపు, చక్రం గుర్తు! ఆ కంపెనీ మూతపడింది!” అని అరిచాడు.

“ఎందుకా అరుపు? పక్కనే ఏడుస్తున్నాగా. చెవుడు నీకా, నాకా?”

“కింద నీలం, గొడ్డలి గుర్తు! వాళ్ళూ దుకాణం కట్టేశారు!”

మేస్త్రీ చెవులు మూసుకున్నాడు. “చూడు మామా, ఈ లైను ఖాళీ చెయ్యమని పైవాళ్ళు నా ప్రాణం తోడేస్తున్నారు. ఓనరు తేలితే రేపే లాక్కుపోతారు. తేలకపోతే దీన్ని తుక్కు కింద కొయ్యడానికీ లేదు, కదపడానికీ లేదు. లైను బదులు నీ ఉద్యోగం ఖాళీ అవుతుంది.”

“తెలుసురా.”

“ఈ వయసులో నీకు ఇంకో పని ఎవడిస్తాడు? అత్తకేం చెప్తావు?”

“నేను చెప్పేదేముంది? అన్నీ ఆవిడ చెవిన పడుతూనే ఉంటాయి.”

నీలం కింద ఎరుపు తేలింది. ఎరుపు మీద తెల్లగా ఒక రెక్క.

మేస్త్రీ ఎగిరి గంతేశాడు. “కొంగ! మామా, కొంగ గుర్తు! వాళ్ళ బళ్ళు ఇంకా తిరుగుతున్నాయి! కింద నంబరు తియ్యి. అది లేకపోతే మాది కాదు పొమ్మంటారు. తీశావా, నీ ఉద్యోగం గట్టెక్కినట్టే!”

మామ కిందికి వంగాడు. రేకు బిగించి పట్టి గీకాడు. బరబరమంటూ ఎరుపు లేచిపోయింది, దాంతో పాటు నంబరూ లేచిపోయింది. ఉత్త ఇనుము మిగిలింది.

“అయ్యో! ఎంత పని చేశావు!”

“చెయ్యి జారింది,” అన్నాడు మామ. ఈసారి అరవలేదు.

మేస్త్రీ రైలు పట్టా మీద కూలబడ్డాడు. “ఇన్నేళ్ళలో ఒక్క అంకె పోగొట్టలేదు కదా నువ్వు! ఇవాళే జారాలా?”

“ముసలి చెయ్యి కదరా.”

మేస్త్రీ దుమ్ము దులుపుకుని లేచాడు. “రేపట్నుంచి రావద్దు మామా. నా నోటితోనే అనిపించావు. పద, నా స్కూటరు మీద ఇంటి దగ్గర దింపుతాను.”

“వద్దులే. దూరం లేదు.”

స్కూటరు చప్పుడు దూరమయ్యేదాకా మామ అక్కడే నిలబడ్డాడు. తర్వాత భుజం రుద్దుకుంటూ వ్యాగను అవతలి వైపుకి వెళ్ళి తలుపు తోశాడు.

“ఇల్లు దక్కిందే,” అన్నాడు లోపలున్న భార్యతో.