నాలుగో మూల

పడమర నల్లగా కమ్ముకొచ్చింది. కల్లంలో గుల్షన్ ఒక్కతే ఉంది.

ఆరబోసిన మిరపకాయల్ని చెక్కపారతో గబగబా కుప్పకు లాగుతోంది. ఇంకో రెండెండలు కాస్తే గుంటూరు యార్డుకు తోలాల్సిన కాయలు. ఇప్పుడు తడిస్తే బూజు పట్టి తెల్లబారతాయి. చవగ్గా పోయే తాలు కాయల కింద కూడా ఎవరూ కొనరు. ఒక ఇంటి ఏడాది బతుకు ఆ కుప్పలో ఉంది.

సాయానికి పిలుద్దామంటే ఎవరి కల్లాల్లో వాళ్లు పరుగులు పెడుతున్నారు. పక్క కల్లం లాల్‌బీ ఉంటే ఓ చెయ్యి వేసేది. ఆమె పొద్దున్నే, గుండెనొప్పితో పడిపోయిన మొగుణ్ని తీసుకుని ఆసుపత్రికి పోయింది. "నేనున్నాగా, నువ్వు పో" అని ఆటో ఎక్కించింది గుల్షనే.

ఫోన్ మోగింది. ఒంగోలు పనిమీద వెళ్లిన భర్త ఇమాం హుస్సేన్. అక్కడ అప్పటికే వాన దంచుతోందట.

"పట్టా కప్పావా?"

"కప్పుతున్నా."

"సగంలో వదిలిపెట్టమాక. నీ సంగతి నాకు తెలుసు."

అతనికే కాదు, ఊరందరికీ తెలుసు. కుట్టుమిషన్ ఆరు రోజులు నేర్చుకుని మానేసింది. గుల్షన్ కుట్టిన జాకెట్టుకు ఒకటే చెయ్యి అని ఇప్పటికీ నవ్వుతారు. ప్రైవేటుగా కట్టిన డిగ్రీ రెండో ఏడాదిలో ఆగిపోయింది.

"ఈసారి వదలను" అని ఫోన్ పెట్టేసింది.

కుప్ప మీదికి టార్పాలిన్ పట్టా లాగింది. ఒక మూల రాయి పెట్టేసరికి చినుకులు. రెండో మూలకు వాన. మూడో మూలను గాలి చేతుల్లోంచి గుంజుకుంది. వెంటపడి పట్టుకుంది. గోళ్లు విరిగాయి. కాయల ఘాటుకు కళ్లు మండిపోతున్నాయి.

మధ్యలో రెండుసార్లు వదిలేసి పరిగెత్తబోయింది. రెండుసార్లూ ఆగింది. ఇప్పుడు వదిలితే గాలి పట్టాను లేపుకుపోతుంది, కప్పీ కప్పనట్టే. గట్టు అవతలికి మాత్రం చూడలేదు. చూస్తే చెయ్యి ఆడదు.

"అల్లా, ఈ ఒక్కటీ పూర్తి కానీ" అనుకుంటూ, బురదలో మోకాళ్లు ఆనించి నాలుగో మూల బిగించి రాయి ఎత్తి పెట్టింది.

లాల్‌బీ కాయల్లోకి ఒక్క చుక్కయినా పోలేదని పట్టా కింద చెయ్యి పెట్టి తడిమి చూసుకున్నాక, గుల్షన్ లేచి, గట్టు అవతల నీళ్లలో తేలుతున్న తన కాయల దగ్గరికి నడిచింది.